రావెప్‌లో ఊరి స్నేహాలు, గది స్నేహాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏజీ బీఎస్సీ (వ్యవసాయ డిగ్రీ) చివరి ఏడాదిలో రావెప్‌కి, అంటే ఊళ్లో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకునే కార్యక్రమానికి, వెళ్లేవాళ్లకు రికార్డు ఎలా రాయాలో చెప్పే సీనియర్లు చాలామందే దొరుకుతారు. ఊళ్లో మనుషులతో, గదిలో తోటివాళ్లతో ఎలా మెలగాలో చెప్పేవాళ్లు తక్కువ. ఈ పేజీ అందుకోసం. మధ్యమధ్యలో విత్తనాలు, మట్టి నమూనాల గొడవ కూడా వస్తుంది. ఊళ్లో స్నేహం మొదలయ్యేది పని దగ్గరే మరి.

ఊళ్లో ఉండేది ఎన్నాళ్లు? అంతలో స్నేహాలు కుదురుతాయా?

వ్యవసాయ డిగ్రీల సిలబస్ ఖరారు చేసే డీన్స్ కమిటీల్లో ఐదోది ఇచ్చిన సిలబస్ ప్రకారం మొత్తం 20 వారాలు. ఓరియెంటేషన్ 1 వారం, ఊళ్లో 8, పరిశోధనా కేంద్రం లేదా కేవీకేలో (కృషి విజ్ఞాన కేంద్రంలో) 5, పంటల తెగుళ్లు, పురుగులు గుర్తించే ప్లాంట్ క్లినిక్‌లో 2, వ్యవసాయ పరిశ్రమలో 3, రిపోర్టుకీ పరీక్షకీ 1. కాలేజీని బట్టి ఇవి కాస్త అటూ ఇటూ అవుతాయి. వానాకాలంలో 8 వారాలంటే వరి నారు పోసిన దగ్గర్నుంచి నాట్లు పడి మొదటి కలుపు తీసేదాకా. ఊరంతా చేతినిండా పనితో ఉండే రోజులవి. మీతో కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు, పని దగ్గరికి వెళ్తే మాత్రం పొమ్మనరు.

మొదటి రెండు వారాలు మిమ్మల్ని ఎవరూ పట్టించుకోనట్టే ఉంటుంది. బ్యాంకు వాళ్లో, ఏదో పథకానికి పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్లో అనుకుంటారు. మూడో వారంలో కూడా అక్కడే తిరుగుతూ కనిపిస్తే అప్పుడు పేరు, ఊరు అడుగుతారు. ఆ రెండు వారాల్లో నిరుత్సాహపడి గదిలో ఫోన్లు పట్టుకుని కూర్చున్న జట్లకు చివరిదాకా ఎవరూ దగ్గరవ్వరు.

గదిలో ఎవరితో ఉండాలో మనం ఎంచుకోవచ్చా?

చాలా కాలేజీల్లో కుదరదు. రోల్ నంబర్ల వరసలోనో, ర్యాంకులు కలిపో జట్లు వేస్తారు. హాస్టల్లో మూడేళ్లు పలకరించుకోని వాళ్లు ఒకే గదిలో పడటం మామూలే. మార్పించుకోవడానికి ఇన్‌చార్జ్ చుట్టూ తిరిగితే ఆ సంగతి గదిలో వాళ్లకు తెలియకుండా ఉండదు, తర్వాత ఎంత బాగా ఉన్నా అది గుర్తుంటుంది. ఆరోగ్యం, భద్రత లాంటి గట్టి కారణం ఉంటే తప్ప వేసిన జట్టులోనే సర్దుకోవడం మేలు.

గదిలో ఖర్చుల దగ్గర గొడవలు రాకుండా ఏం చేయాలి?

గదిలో తెగిపోయే స్నేహాల్లో ఎక్కువ భాగం బియ్యం, గ్యాస్, గిన్నెల దగ్గరే తెగుతాయి. కాబట్టి దీన్ని కాస్త వివరంగా చూద్దాం.

రెండు పూటలా అన్నం తినేవాళ్లకు మనిషికి రోజుకు సుమారు 400 గ్రాముల బియ్యం పడుతుంది. నలుగురున్న గదికి 25 కిలోల బస్తా పదిహేను రోజులు వస్తుంది. పొలం పనిలో దిగిన వారం ఇంకా ముందే అయిపోతుంది, దాన్ని చూసి ఒకర్నొకరు అనుమానించుకోవద్దు. గ్యాస్ కనెక్షన్ లేకుండా కొనుక్కునే 5 కిలోల చిన్న సిలిండర్ ఏజెన్సీల్లో గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. ఇంటి ఓనరు సిలిండరే వాడుకుంటే దాని లెక్క మొదటి రోజే తేల్చుకోవాలి.

అసలు చిక్కు సెలవులది. ఒకరి ఇల్లు గంటన్నర దూరంలో ఉంటుంది, ప్రతి శనివారం బస్సెక్కుతారు. ఇంకొకరిది శ్రీకాకుళమో, ఆదిలాబాదో, నెలంతా గదిలోనే ఉంటారు. నెలాఖరున సమంగా పంచితే మొదటివారికి కోపం, తిన్న పూటల ప్రకారం పంచితే అద్దె దగ్గర రెండోవారికి కోపం. అందుకే రెండు లెక్కలు విడిగా పెట్టండి. అద్దె, కరెంటు, నీళ్ల క్యాన్లు, గ్యాస్: ఉన్నా లేకున్నా అందరికీ సమానం. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పాలు: తిన్న పూటల లెక్క. గోడకు ఒక క్యాలెండర్ తగిలించి, ఎవరు ఏ పూట తిన్నారో ఆ రోజు గడిలోనే గీత పెట్టండి. మొత్తం ఖర్చును మొత్తం గీతలతో భాగిస్తే పూట ధర వస్తుంది. ఉదాహరణకు నెలకు 6,300 రూపాయల సరుకులు, 210 గీతలు అయితే పూటకు 30 రూపాయలు. ఫోన్ యాప్ కంటే గోడమీది క్యాలెండరే నయం, అందరికీ ఎప్పుడూ కళ్లెదురుగా ఉంటుంది.

స్టైపెండ్ వచ్చాక ఇస్తానని ఎవరైనా అంటే అప్పుడే ఒక తేదీ అనుకోండి. స్టైపెండ్ ఎప్పుడు చేతికొస్తుందో దాన్ని ఇచ్చేవాళ్లకే తెలియదు.

వంట వంతుల్లో ఒక్క సూత్రం చాలు: వండినవారు ఆ పూట గిన్నెలు తోమరు.

హోస్ట్ రైతు (ఊళ్లో మీకు కేటాయించిన రైతు) ఇంటికి ఏ వేళకు వెళ్లాలి?

తెల్లారి ఐదు నుంచి ఎనిమిది దాకా వెళ్లకండి. పాలు పితకడం, పేడ తీయడం, పిల్లల బడి, కూలీలకు కబురు అన్నీ ఆ వేళే. మీరు గుమ్మంలో నిలబడితే ఇంటావిడ పని ఆపి టీ పెట్టాలి. పొలానికి వెళ్లేటప్పుడు కలిసి వెళ్లండి, లేదా రాత్రి భోజనాలకు ముందు ఏడు గంటల ప్రాంతంలో అరుగు మీద కూర్చోండి. ఊరు మొత్తాన్ని ఒక్కచోట కలవాలంటే సాయంత్రం పాలకేంద్రం దగ్గర నిలబడితే సరిపోతుంది. క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డ అరగంటలో ఎవరి గేదె ఈనింది, ఎవరి చేలో ఏం పురుగు పడింది అన్నీ తెలుస్తాయి.

హోస్ట్ రైతు పేరు రికార్డులో ఉంటుంది గానీ మీ కడుపు సంగతి, జ్వరం సంగతి చూసేది ఆయన భార్య, తల్లి. ప్రశ్నావళి పట్టుకుని వెళ్లినప్పుడు ఆయన్నే అడిగి వచ్చేస్తే ఆ ఇంట్లో సగం మందిని పలకరించనట్టే. విత్తనం దాచేదీ, పాడి చూసేదీ, కూలీలను పిలిచేదీ చాలా ఇళ్లలో ఆడవాళ్లే. మీ రికార్డుకు కావలసిన సగం సమాధానాలు వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఏమని పిలవాలి?

హోస్ట్ రైతు మిమ్మల్ని 'సారూ', 'మేడం' అంటే మొదటి రోజే మానిపించండి. పేరు పెట్టి పిలవమంటే చాలు. మీరు కోస్తాలో బాబాయిగారు, పిన్నిగారు అనో, రాయలసీమలో చిన్నాయన, చిన్నమ్మ అనో, తెలంగాణలో కాకా, పెద్దమ్మా అనో ఆ ఊళ్లో వయసును బట్టి ఏది నడుస్తుంటే అది పిలవండి. మగపిల్లలకు ఒక్క జాగ్రత్త: ఈడొచ్చిన ఆడపిల్లలున్న ఇంట్లో 'మామయ్యా' అనకండి. ఆ మాటతో వరసలు మారతాయి, వెనక నవ్వుకుంటారు, రెండో రోజుకు ఆ అమ్మాయి బయటికి రావడం మానేస్తుంది. బాబాయి అంటే ఆ ఇంటి పిల్లలు చెల్లెళ్లు, తమ్ముళ్లు అవుతారు, అందరికీ హాయి.

మొదట్లో ఏ పని చేస్తే ఊరు దగ్గరవుతుంది?

మీటింగ్ పెట్టి ఉపన్యాసం చెబితే కాదు. పావలా ఖర్చు లేకుండా, వారంలో ఫలితం కంటికి కనిపించే పని కావాలి. అందులో మొదటిది మొలక పరీక్ష. రైతు దాచుకున్న విత్తనంలోంచి చూడకుండా 100 గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెసంచి ముక్క మీద పది వరసలుగా పేర్చి, చాపలా చుట్టి, నీడలో పెట్టి రోజూ తడి ఆరకుండా నీళ్లు చల్లండి. వరి అయితే వారం తర్వాత విప్పి లెక్కపెట్టండి. వరికి కనీసం 80, వేరుశనగకు 70 మొలకలు రావాలి. తక్కువ వస్తే విత్తనం మోతాదు పెంచుకోవాలో, మార్చుకోవాలో రైతు తేల్చుకుంటాడు. చుట్టను విప్పేటప్పుడు ఇంట్లోవాళ్లందర్నీ పిలవండి, లెక్క వాళ్లచేతే పెట్టించండి. పక్కింటివాళ్లు కూడా ఒక గుప్పెడు గింజలు తెచ్చి చేతిలో పెట్టారంటే మీకు ఊళ్లో చోటు దొరికినట్టే. ఒక్క హెచ్చరిక: కొత్తగా కోసిన వరికి నిద్రావస్థ ఉంటుంది, అంటే గింజ బాగున్నా కొన్నాళ్లు మొలకెత్తదు. దాన్ని పరీక్షించి విత్తనం చెడిపోయిందని చెబితే పరువు పోయేది మీదే.

రెండోది వేపగింజల కషాయం. 5 కిలోల వేపగింజల పప్పును పొడి చేసి, గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున మూటను బాగా పిండి, వడగట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేసి సాయంత్రం పూట కొట్టాలి. ఎండలో కొడితే పనిచేసే పదార్థం తొందరగా విరిగిపోతుంది. గింజలు దంచడం నలుగురు కలిసి చేసే పని, అక్కడ కబుర్లు వాటంతటవే వస్తాయి.

ఆడపిల్లలకు నాట్ల ముఠా మంచి దారి. కానీ మునుం (నాటేవాళ్ల వరస) మధ్యలో దిగకండి. మీరు వెనకబడితే అందరి పనీ ఆగుతుంది, వాళ్లది గుత్త పని అయితే కూలి నష్టం కూడా. గట్టు పక్కన నిలబడి ఒక గంట చేయండి, కుదురుకు రెండు మూడు మొక్కలు, లోతు రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా. మధ్యాహ్నం సద్దిమూటలు విప్పే వేళకు మీ డబ్బా కూడా విప్పండి.

సోషల్ మ్యాప్ వేసిన రోజు ఊళ్లో మాటామాటా వచ్చింది. ఎందుకలా జరుగుతుంది?

పీఆర్‌ఏలో (ఊరివాళ్లతో కలిసి ఊరి పరిస్థితి తెలుసుకునే పద్ధతిలో) భాగంగా రచ్చబండ దగ్గర నేల అలికి, ముగ్గుపిండి, రంగులు, ఆకులు, గింజలతో ఊరి పటం వేయిస్తారు. బాగా సాగితే రావెప్ మొత్తంలో ఊరు మీకు దగ్గరయ్యే రోజు అదే. చెడితే మిగతా వారాలు చల్లబడిపోతాయి. చెడేది ఎక్కువగా మూడు కారణాల వల్ల.

మొదటిది చోటు. రచ్చబండ అందరిదీ అంటారు గానీ ఊరి చివరి పేటవాళ్లు అక్కడికొచ్చి గట్టు మీద కూర్చోని ఊళ్లు ఇంకా ఉన్నాయి. వాళ్లు లేకుండా వేసిన పటంలో వాళ్ల వీధి ఒక గీతగా మిగిలిపోతుంది. బడి ఆవరణలోనో, రైతు సేవా కేంద్రం దగ్గరో, తెలంగాణలో అయితే రైతు వేదిక దగ్గరో పెట్టండి. ముందురోజు పేటకు మీరే వెళ్లి పిలవండి, అక్కడో ఇంట్లో మంచినీళ్లు తాగి రండి. ఆ సంగతి పొద్దునకల్లా రెండు వైపులా తెలుస్తుంది. అదే సరైన మొదలు.

రెండోది ముగ్గుపిండి ఎవరి చేతిలో ఉంది అన్నది. మీరే గీస్తే ఊరు ప్రేక్షకురాలవుతుంది. సర్పంచి గీస్తే ఆయన ఇంటి ముందు రోడ్డు వెడల్పవుతుంది. ముగ్గులు వేసే అలవాటున్న ఆడవాళ్లకు పిండి ఇచ్చి, ముందు గుడి, బడి, చెరువు పెట్టమనండి. ఆ తర్వాత ఎవరిల్లు ఎక్కడో ఒకరికొకరు సరిదిద్దుకుంటారు. పసుపు ఒక పంటకు, ఇటుకపొడి ఇంకో పంటకు, చింతగింజ బోరుకు. బోరు ఎండిపోతే ఆ గింజను పక్కకు తోసేస్తారు. ఎన్ని గింజలు అలా పక్కన పడ్డాయో చూస్తే ఊరి కష్టం మీకే అర్థమవుతుంది.

మూడోది కులాల రంగులు. ఇళ్లను కులం ప్రకారం రంగులతో గుర్తించమని రికార్డు నమూనాలో ఉందని అందరి ముందూ అడగొద్దు. ఆ సమాచారం కావాలంటే విడిగా, పేర్లు లేకుండా సంఖ్యలుగా తీసుకోండి.

ఊళ్లో రెండు వర్గాలున్నాయి. మా గది ఒకరి ఇంట్లో ఉంది. ఏం చేయాలి?

ఆ వర్గం వాళ్లుగానే మీకు ముద్ర పడుతుంది, దాన్ని పూర్తిగా తప్పించలేరు. మొదటి వారంలోనే రెండోవైపు పెద్దను కలిసి, మీ పని ఏమిటో చెప్పి, వాళ్ల చేలో కూడా ఏదో ఒక సాగు పద్ధతి చేసి చూపించండి. వినాయక చవితికి రెండు పందిళ్లుంటే రెండింటికీ ఒకే మొత్తం చందా. రాజకీయాల మాట వస్తే వినండి, మాట కలపకండి.

మందు పేరు చెప్పమంటే చెప్పాలా?

రాని విషయం చెప్పి పోగొట్టుకున్నంత స్నేహం ఇంకెక్కడా పోదు. ఆకు పట్టుకొచ్చి 'ఏం కొట్టమంటావు' అని అడిగితే, ముందు చేను చూడండి. ఐదారు చోట్ల ఆకు తిప్పి, ఫొటోలు తీసి, మీ ఇన్‌చార్జ్‌కో కేవీకే శాస్త్రవేత్తకో పంపండి. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800 180 1551, తెలుగులోనే మాట్లాడతారు. జవాబు వచ్చాక మందు పేరు, లీటరు నీటికి మోతాదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా చెప్పిన మోతాదు కొట్టు దగ్గరికి వెళ్లేసరికి రెట్టింపవుతుంది. 'రేపు కనుక్కుని చెబుతా' అన్నారా, రేపు చెప్పి తీరాలి. ఏమీ తెలియకపోతే తెలియలేదని చెప్పడానికైనా వెళ్లాలి.

మందుల కొట్టు యజమానిని ఊళ్లోవాళ్ల ముందు తప్పుపట్టకండి. పంటకాలమంతా రైతుకు అప్పు పెట్టేది ఆయనే. మీరు పోయాక రైతు మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాలి.

ఎవరైనా అప్పు అడిగితే?

గదిలోవారైతే తిరిగి రాకపోయినా బాధపడనంత ఇవ్వండి. ఊళ్లోవారికి ఇవ్వొద్దు, వారి దగ్గర తీసుకోవద్దు. కూరగాయలు, మజ్జిగ, ఒక పూట భోజనం తీసుకోవచ్చు. వాటికి డబ్బు ఇవ్వబోతే చిన్నబుచ్చుకుంటారు. ఇంటికెళ్లి వచ్చేటప్పుడు మీ ఊరి మామిడికాయలో, పూతరేకులో, సకినాలో తెస్తే సరి.

ఊరి కుర్రాళ్లు ఫోన్ నంబర్లు అడుగుతున్నారు. అమ్మాయిలం ఏం చేయాలి?

జట్టు మొత్తానికి ఒకే నంబరు పెట్టుకుని, రైతులకు కూడా అదే ఇవ్వండి. పొలాలకు ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లండి. హోస్ట్ ఇంటి పెద్దావిడకు ఎటు వెళ్తున్నారో చెప్పి వెళ్లడం అలవాటు చేసుకుంటే ఊళ్లో మీకో అండ ఉందని తెలిసిపోతుంది. ఎవరైనా మాట మీరితే మొదటిసారే ఆమెకూ, ఇన్‌చార్జ్‌కూ చెప్పాలి. రెండోసారి దాకా ఆగొద్దు.

ఊళ్లో ఆడవాళ్ల ఫొటోలు అడగకుండా స్టేటస్‌లో పెట్టొద్దు. రికార్డు కోసం తీసినవి రికార్డుకే.

గదిలో ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. కారణం రికార్డు.

ఇది ఏటా జరిగేదే. ఒకరు ఊరంతా తిరిగి లెక్కలు తెస్తారు, మిగతావాళ్లు రాత్రికి రాత్రి కాపీ చేస్తారు, మౌఖిక పరీక్షలో కాపీ చేసినవారికే మార్కులు ఎక్కువ వస్తాయి. ముందే ఇళ్లు, అంశాలు పంచుకోండి: నలుగురుంటే ఒక్కొక్కరికీ కొన్ని ఇళ్లు, పీఆర్‌ఏలో ఒక్కో పటం. ఎవరు తెచ్చిన సమాచారం వారే పది నిమిషాలు మిగతావాళ్లకు చెప్పాలి, అప్పుడే నోట్సు చేతులు మారాలి. అలా చెప్పడం పరీక్షకు సాధన కూడా. మాటలు ఇప్పటికే ఆగిపోతే రాయబారాలు నడపకండి, ఇద్దర్నీ కలిపి ఒకే చేనికి పంపండి. గదిలో మొహం తిప్పుకోవచ్చు గానీ టేపు చెరో కొసా పట్టుకుని పొలం కొలిచేటప్పుడు మాట్లాడక తప్పదు.

ఊరు మనల్ని ఎందుకు మర్చిపోతుంది? ఎందుకు గుర్తుపెట్టుకుంటుంది?

చాలా ఊళ్లలో పాత బ్యాచ్ గురించి వినిపించే ఫిర్యాదు ఒక్కటే: 'మట్టి తీసుకుపోయారు, రిపోర్టు రాలేదు.' ఇది దాదాపు ప్రతి జట్టూ చేసే పొరపాటు. దాని నష్టం తర్వాత వచ్చే జట్టు మీద పడుతుంది.

కారణాలు చిన్నవే. సంచిలో చీటీ తడిసి పేరు చెరిగిపోతుంది. నమూనాలు కాలేజీ ల్యాబు మూలన ఉండిపోతాయి. ఫలితాలు వచ్చేసరికి మీరు పరిశ్రమ అటాచ్‌మెంట్‌లో ఉంటారు. కాబట్టి తీసేటప్పుడే సరిగ్గా తీయండి: గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప వదిలేసి, ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారంలో గుంట తవ్వి, అంచు వెంట పైనుంచి కిందికి మట్టి గీరి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి, నీడన ఆరబెట్టాలి. చీటీలు రెండు: ఒకటి చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచి లోపల, ఒకటి బయట. రైతు పేరు, సర్వే నంబరు, ముందు వేసిన పంట, ఫోన్ నంబరు పెన్సిల్‌తో రాయండి, ఇంకు చెమ్మకు పాకుతుంది. యూరియా వేసి ఎక్కువ రోజులు కాని చేలో తీయొద్దు, ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

ఎన్ని నమూనాలకు ఫలితం తెచ్చి ఇవ్వగలరో అన్నే తీయండి. యాభై తీసి ఎగ్గొట్టడం కంటే పది తీసి పదీ ఇవ్వడం నయం. ఫలితం కాగితం వాట్సాప్‌లో పడేస్తే చాలదు. ఉదజని సూచిక (పీహెచ్), లవణ శాతం, సేంద్రియ కర్బనం ఏమిటో, ఈసారి ఏ ఎరువు తగ్గించవచ్చో ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఒక్కరోజు బస్సెక్కి వెళ్లి ఆ పని పూర్తిచేసిన జట్టు పేరు ఆ ఊళ్లో ఏళ్ల తర్వాత కూడా వినిపిస్తుంది.

పరిశోధనా కేంద్రంలో, పరిశ్రమలో స్నేహాలు?

మూడు వారాల పరిశ్రమ అటాచ్‌మెంట్‌లో పరిచయాలు ఉద్యోగాల సమాచారానికి పనికొస్తాయి, అంతకుమించి ఆశించవద్దు. పరిశోధనా కేంద్రంలో మాత్రం శాస్త్రవేత్తలతో పాటు ఫీల్డు కూలీలను, ఫీల్డ్ అసిస్టెంట్లను పలకరించండి. ఏ మడిలో ఏ రకం ఉందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

వచ్చేసేటప్పుడు ఏం ఇవ్వాలి?

గోడగడియారం, దేవుడి పటం అందరూ ఇస్తారు, ఒక్కో ఇంట్లో మూడేసి ఉంటాయి. కుటుంబమంతా పొలంలో నిలబడ్డ ఫొటో ప్రింటు తీయించి ఇవ్వండి. ఫోన్‌లో వంద ఉన్నా గోడ మీద పెట్టుకునేది అదే. హోస్ట్ రైతు వేసే పంటల పనులు నెలవారీగా, పెద్ద అక్షరాలతో ఒక్క పేజీలో రాసి ల్యామినేషన్ చేయిస్తే ఇంకా మంచిది. గది ఓనరు డిపాజిట్, కరెంటు బిల్లు, పాల బాకీ, కిరాణా కొట్టు పద్దు చివరి రోజుకు ముందే తీర్చేయండి. చివరి రోజు బస్సు హడావుడిలో ఏదో ఒకటి మర్చిపోతారు.

తర్వాత ఎప్పుడు ఫోన్ చేయాలి?

పండగ శుభాకాంక్షల ఫార్వర్డులు లెక్కలోకి రావు. హోస్ట్ రైతు పంట మీకు తెలుసు కాబట్టి దాన్ని బట్టి చేయండి: తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు, కోత అయ్యాక ఎకరాకు ఎన్ని బస్తాలు వచ్చాయని, మిర్చో పత్తో అమ్మే ముందు ధర ఎలా ఉందని. రాత్రి ఏడున్నర తర్వాత చేయండి. ఆ ఇంట్లో పెళ్లి పిలుపు వస్తే కుదిరినంతవరకు వెళ్లండి, జట్టంతా కుదరకపోతే ఒక్కరైనా. మీ గది వాట్సాప్ గ్రూపు ఉద్యోగాల్లో పడ్డాక మూగబోతుంది, దానికి బాధపడాల్సిన పనిలేదు. ఏడాదికోసారి అందరూ కలవాలనుకుంటే ఏ నగరంలోనో హోటల్ వెతుక్కోకుండా ఆ ఊరికే వెళ్లండి, సంక్రాంతి దాటిన ఆదివారం అయితే రైతులకూ కాస్త తీరిక. ముందుగా ఫోన్ చేసి, ఎంతమంది భోజనానికి ఉంటారో చెప్పండి.